హింస నుంచి బయటపడ్డ ఆడవాళ్ళకి షెల్టర్ పెట్టాలంటే ఎక్కడ మొదలెట్టాలి, ఎలా నడపాలి

ఇంట్లో హింస తట్టుకోలేక బయటికొచ్చేసిన ఆడవాళ్ళ కోసం, ఆడపిల్లల కోసం ఓ షెల్టర్ పెడదామనుకునేవాళ్ళు చాలామందే ఉంటారు, ఆలోచన మంచిదే, కానీ దాదాపు అందరూ బిల్డింగ్ దగ్గర మొదలెడతారు. ఎవరో పాత ఇల్లు ఇస్తామన్నారు, ఇంకెవరో మంచాలు కొనిస్తామన్నారు, ఇంకేం వచ్చే నెలే ఓపెనింగ్ అని. నిజానికి ఇల్లు ఎలాగోలా దొరుకుతుంది. 1974లో సిడ్నీలో ఎల్సీ షెల్టర్ పెట్టినవాళ్ళయితే ఖాళీగా పడున్న రెండిళ్ళలోకి చొరబడి మరీ మొదలెట్టేశారు. కష్టమంతా ఆ తర్వాతే, రాత్రి రెండింటికి కూడా ఓ మనిషి మేలుకుని ఉండేలా ఆ ఇంటిని నడపాలి, అంతకన్నా ముఖ్యంగా లోపలున్నవాళ్ళకి అది ఇంకో జైలులా అనిపించకుండా నడపాలి. మొగుడి పెత్తనం తప్పించుకుని వచ్చినావిడ వార్డెన్ పెత్తనం కింద పడితే మనం చేసిన సాయం ఏముంది చెప్పండి.

ముందు ఎవరి కోసమో తేల్చుకోండి

"అందరికీ" అనకండి. భర్త కొడుతున్నాడని వచ్చినావిడ వెనకాల వెతుక్కుంటూ వచ్చేది సాధారణంగా ఒక్కడే. ఇష్టం లేని పెళ్ళి తప్పించుకుని వచ్చిన అమ్మాయి కోసం కుటుంబం మొత్తం వెతుకుతుంది, చుట్టాలు స్నేహితులు అందరూ కలిసి, చాలాసార్లు అమ్మ ఏడుస్తూ ఫోన్ చేస్తుంది కాబట్టి మీ స్టాఫ్ కూడా కరిగిపోతారు. ఎవరో అమ్మేస్తే తప్పించుకొచ్చిన అమ్మాయి వెనకయితే డబ్బున్న ముఠా ఉంటుంది. ఈ ముగ్గురికీ కావల్సిన సెక్యూరిటీ ఒకటి కాదు, లాయర్ సాయం ఒకటి కాదు, ఉండాల్సిన టైమ్ కూడా ఒకటి కాదు. మీరు ఏది చెయ్యగలరో అది రాసుకోండి, చెయ్యలేనివాళ్ళని ఎక్కడికి పంపాలో ఆ లిస్టు కూడా అదే రోజు రాసుకోండి.

మైనర్ అమ్మాయి ఒంటరిగా వస్తే ఏం చెయ్యాలో ఓపెన్ చెయ్యకముందే లాయర్‌తో కూర్చుని తేల్చుకోండి. చాలా దేశాల్లో పిల్లల్ని ఉంచుకోవడానికి వేరే పర్మిషన్ కావాలి, పిల్ల మీద హింస జరిగిందని తెలిస్తే అధికారులకి చెప్పి తీరాల్సిన రూల్ కూడా ఉంటుంది. ఆ రూల్ ఉన్నచోట, ఆ అమ్మాయి తన కథ మొదలెట్టకముందే మీరు నోరు విప్పాలి, "నువ్వు ఇలాంటివి చెప్తే నేను ఫలానా వాళ్ళకి చెప్పాల్సొస్తుంది, ఇవైతే నా దగ్గరే ఉంటాయి" అని. అంతా చెప్పేశాక "ఇది రిపోర్ట్ చెయ్యాలమ్మా" అంటే ఆ పిల్ల ఇంక జన్మలో ఎవర్నీ నమ్మదు.

ఇంకో పెద్ద తలనొప్పి మగపిల్లలు. పన్నెండో పద్నాలుగో దాటిన కొడుకులుంటే చేర్చుకోం అనే షెల్టర్లు చాలా ఉన్నాయి, దాంతో ఆ తల్లి ఏం చేస్తుంది, కొడుకుని ఆ మొగుడి దగ్గర వదల్లేక తనే ఆగిపోతుంది. తలుపు విడిగా, బాత్రూమ్ విడిగా ఉన్న గదులు రెండైనా పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తీరిపోతుంది. వీల్‌చైర్ మీద వచ్చేవాళ్ళకి కూడా గ్రౌండ్ ఫ్లోర్‌లో అలాంటి గదే కావాలి కాబట్టి ఒక ఖర్చుతో రెండు పనులు అవుతాయి.

డబ్బు, మనుషులు

లెక్క సింపుల్. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 40 గంటలు పనిచేస్తే, డ్యూటీలో ఎప్పుడూ ఒక్కరు ఉండాలన్నా నలుగురు చాలరు, సెలవులు జ్వరాలు కలుపుకుంటే ఐదుగురు పైనే కావాలి. అదీ ఒక్క కుర్చీకి. రాత్రి ఇద్దరుంటే మంచిది ఎందుకంటే ఒకరికి హాస్పిటల్‌కి తోడెళ్ళాల్సొస్తే ఇల్లు ఖాళీ అయిపోకూడదు. వలంటీర్లతో నడిపేద్దాం అని ఎవరైనా అంటే ఆదివారం తెల్లవారుజామున మూడింటి షిఫ్ట్ ఎవరు తీసుకుంటారో అడగండి, సైలెంట్ అయిపోతారు. వలంటీర్లు పిల్లలకి చదువు చెప్పడానికీ, కోర్టుకి తోడెళ్ళడానికీ, వంటలో సాయానికీ బంగారంలా పనికొస్తారు, కానీ డ్యూటీ మాత్రం జీతం తీసుకునే మనిషిదే.

కనీసం ఆరునెలల జీతాలూ అద్దె బ్యాంకులో పెట్టుకున్నాకే మొదటి మనిషిని తీసుకోండి. షెల్టర్ మధ్యలో మూతపడితే లోపలున్నవాళ్ళు నేరుగా వెనక్కే వెళ్తారు, ఇంకెక్కడికెళ్తారు. డోనర్లు ఫోటోలు అడుగుతారు, టూర్ అడుగుతారు, "ఒక్క బాధితురాలితో మాట్లాడొచ్చా" అని కూడా అడుగుతారు. వద్దు అని చెప్పడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి. పాత బట్టల మూటలు కూడా మొహమాటానికి తీసుకోకండి, వాటిని సర్దడానికే ఒక మనిషి కావాలి. కొత్త లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, ఫోన్ ఛార్జర్లు, కొత్త సిమ్‌లు, పిల్లల చెప్పులు, పసిపిల్లల డైపర్లు అని లిస్టు చేతిలో పెట్టండి.

ఇల్లు ఎలా ఉండాలి

విపత్తుల్లో వేసే తాత్కాలిక గుడారాలకే స్ఫియర్ అనే అంతర్జాతీయ ప్రమాణాల్లో మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్లు అని రాసుంది. అది గుడారానికి కనీసం. నెలల తరబడి ఉండే ఇంట్లో అంతకన్నా తక్కువ చోటులో మనుషుల్ని కుక్కితే గొడవలు తప్పవు, తర్వాత "వీళ్ళెప్పుడూ కొట్టుకుంటారండీ" అని వాళ్ళనే అంటాం. పది మంచాల హాలు కన్నా నాలుగు చిన్న గదులు మేలు. ఒక కుటుంబానికి ఒక గది, ఆ గది తాళం ఆవిడ చేతిలో. మందులు, కాగితాలు, డబ్బు పెట్టుకోడానికి తాళమున్న సొరుగు, అది కూడా ఆవిడదే. మందులన్నీ ఆఫీసులో పెట్టి పూటపూటకీ చెయ్యి చాపి అడిగించుకోవడం చాలాచోట్ల నడుస్తుంది, అది సేఫ్టీ కాదు, పెత్తనం.

తలుపుల గురించి కాస్త ఎక్కువే చెప్తా. బయటనుంచి ఎవడూ రాకూడదు కాబట్టి కెమెరా, గట్టి తలుపు, బెల్ కొడితే లోపల్నుంచి చూసి తెరిచే ఏర్పాటు, రోడ్డు కనిపించే లైటు, ఇవన్నీ పెట్టండి. కానీ లోపల్నుంచి ఏ తలుపైనా, ఏ టైమ్‌లోనైనా, తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. గ్వాటెమాలాలో పిల్లల కోసం ప్రభుత్వమే నడిపిన ఒక హోమ్ ఉండేది, దాని పేరులోనే సేఫ్ హోమ్ అని ఉంది. అక్కడి హింస భరించలేక పారిపోయిన పిల్లల్ని పట్టుకొచ్చి, 56 మంది ఆడపిల్లల్ని ఒక క్లాస్‌రూమ్‌లో పెట్టి తాళం వేశారు, 2017 మార్చి 8న ఆ గదిలో మంటలంటుకుంటే తలుపు వెంటనే తియ్యలేదు, 41 మంది చనిపోయారు. మార్చి 8 అంటే మహిళా దినోత్సవం. "అమ్మాయిలు పారిపోతారని తాళం వేస్తాం" అని మీ కమిటీలో ఎవరైనా అంటే ఇది చెప్పండి. రాత్రిపూట ఎవరైనా తలుపు తీస్తే డ్యూటీలో ఉన్నవాళ్ళకి తెలిసేలా చిన్న మోత వచ్చే అలారం పెట్టుకుంటే చాలు, వెళ్ళి మాట్లాడొచ్చు.

అడ్రస్ దాచాలా వద్దా అనేది పాత వాదన. ఎక్కువమంది దాచిపెట్టడమే మంచిదంటారు, నెదర్లాండ్స్‌లో మాత్రం 2011లో ఆల్క్‌మార్‌లో ఆరెంజ్ హౌస్ పేరుతో అందరికీ కనిపించేలాంటిది తెరిచారు, చుట్టుపక్కల వాళ్ళకి తెలిసుంటే వాళ్ళే ఓ కన్నేసి ఉంచుతారనీ, తప్పు చేసిందెవరో దాక్కోవాల్సిందెవరో తలకిందులు కాకూడదనీ వాళ్ళ ఆలోచన. పోలీసులు పిలిస్తే నిమిషాల్లో వచ్చే చోటైతే అది నడుస్తుంది. ఆ నమ్మకం లేకపోతే దాచండి, కానీ దాచడమంటే బోర్డు పెట్టకపోవడం ఒక్కటే కాదు. సంస్థ రిజిస్ట్రేషన్ అడ్రస్ వేరే ఆఫీసుది ఉండాలి, కరెంటు బిల్లు, ఇంటర్నెట్ కనెక్షన్ సంస్థ పేరు మీద ఉండకూడదు, డెలివరీలు ఆఫీసుకే రావాలి, డ్రైవరూ ప్లంబరూ ఎప్పుడూ ఒకరే ఉండాలి. పోలీసుల్లో ఒకరిద్దరు అధికారులకి మాత్రం చెప్పి ఉంచండి. ఒకవేళ ఆవిణ్ణి హింసపెట్టినవాడే పోలీసైతే ఆవిణ్ణి వేరే ఊరి షెల్టర్‌కి పంపే ఏర్పాటు ఉండాలి.

ఫోన్ మోగినప్పుడు

మొదటి ప్రశ్న పేరు కాదు. "ఇప్పుడు మాట్లాడ్డానికి వీలుందా, పక్కన ఎవరైనా ఉన్నారా" అని అడగండి. ఉన్నారంటే అవును కాదు అని జవాబిచ్చే ప్రశ్నలే వెయ్యండి. లైన్ కట్ అయితే తిరిగి చెయ్యొచ్చా లేదా అన్నది మొదట్లోనే అడిగేసుకోండి, మనం మంచికని తిరిగి చేసిన కాల్ వాడు ఎత్తితే అంతే సంగతులు.

తర్వాత ప్రమాదం ఎంతో అంచనా. ఇందులో అందరూ వాడే ప్రశ్నలు జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు పరిశోధకురాలు 1980ల్లో తయారుచేసినవాటి నుంచే చాలావరకు వచ్చాయి. ఆయుధం ఉందా, చంపుతానన్నాడా, ఈమధ్య కొట్టడం పెరిగిందా, కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా, ఆవిడ వదిలేసి వెళ్ళిందా లేక వెళ్తానని చెప్పిందా, ఎప్పుడైనా గొంతు నులిమాడా. ఈ ఆఖరిది అస్సలు మర్చిపోవద్దు. అంతకుముందు గొంతు నులమడం జరిగిన ఆడవాళ్ళు ఆ మనిషి చేతిలోనే హత్యకి గురయ్యే అవకాశం ఏడు రెట్లు ఎక్కువని అమెరికాలో చేసిన అధ్యయనంలో తేలింది. పైగా మెడ మీద మచ్చ కూడా లేకుండా లోపల రక్తనాళం దెబ్బతినొచ్చు, రోజుల తర్వాత కూడా స్ట్రోక్ రావొచ్చు, అందుకే "ఇప్పుడు బానే ఉందండీ" అన్నా డాక్టర్‌కి చూపించాలి. "గొంతు నులిమాడా" అంటే చాలామంది లేదంటారు, "మెడ మీద చెయ్యేశాడా, ఊపిరి ఆడకుండా చేశాడా, కళ్ళు బైర్లు కమ్మాయా" అని అడిగితే చెప్తారు.

అడ్రస్ ఫోన్‌లో చెప్పొద్దు. జనం తిరిగే ఏదైనా చోట కలవండి, అక్కడ్నుంచి మీ బండిలో తీసుకురండి.

చోటు లేకపోతే "ఫుల్ అండీ" అని పెట్టెయ్యకండి. కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే యూరప్ దేశాల మానవ హక్కుల సంస్థ చెప్పే లెక్క ప్రకారం ప్రతి పదివేల జనాభాకి ఒక కుటుంబం పట్టే చోటుండాలి, అంటే రెండు లక్షల జనాభా ఉంటే 20 కుటుంబాలకి. ఒక్క షెల్టర్ వల్ల కాదు కదా, అందుకే పక్క ఊళ్ళ షెల్టర్లతో ఎప్పుడూ టచ్‌లో ఉండి, ఈ రాత్రి ఎక్కడ చోటుందో మీరే కనుక్కుని, ఆవిడ అక్కడికి చేరిందని తెలిసేదాకా ఫాలో అవ్వాలి.

మొదటి గంట, ఆ తర్వాత ఫోను

ఆవిడ వచ్చేసరికి చేతిలో ఓ సంచి ఉంటుంది, అందులో పిల్లాడి బట్టలు రెండు జతలుంటే గొప్ప, ఆవిడవి ఉండవు. చంకలో నిద్రపోతున్న పిల్లాడు. ఆ టైమ్‌లో ఎనిమిది పేజీల ఫారం ముందు పెట్టి "భర్త పేరు, పెళ్ళయిన తేదీ" అని మొదలెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బాత్రూమ్ చూపించండి, తినడానికి వేడిగా ఏదైనా పెట్టండి, గది చూపించి తాళంచెవి చేతికివ్వండి. ఆ రాత్రికి కావల్సినవి నాలుగే, దెబ్బలున్నాయా, వేసుకునే మందులేంటి, పిల్లలకి ఏమైనా పడదా, ఎవరికి భయపడుతోంది. మిగతావి రేపు. ఒక్క దానికి మాత్రం రేపు అనొద్దు. లైంగిక దాడి జరిగుంటే హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలెట్టాలి, గర్భం రాకుండా వేసుకునే మాత్ర ఐదు రోజుల వరకు పనిచేస్తుంది కానీ ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఆ గడువు సంగతి చెప్పండి, హాస్పిటల్‌కి వెళ్ళాలా వద్దా, కేసు పెట్టాలా వద్దా అన్నది ఆవిడే తేల్చుకుంటుంది.

ఫోన్ విషయంలో మాత్రం కంగారుపడి తప్పుచేసేవాళ్ళే ఎక్కువ. షెల్టర్ గుమ్మం దగ్గర ఫోన్ ఆఫ్ చేస్తే చివరి లొకేషన్ మీ గుమ్మమే చూపిస్తుంది. మీరు కలిసిన చోటే, బండి ఎక్కకముందే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తర్వాత ఆఫ్ చేయించండి. సంచులు, పిల్లాడి బ్యాగు, బొమ్మలు, సొంత బండి ఉంటే బండి కింద, నాణెమంత ట్రాకర్ ఎక్కడైనా దూరుంటుంది, ఆవిడ ముందే, ఆవిణ్ణి అడిగి, ఆవిడ చేతులతోనే వెతికించండి. పిల్లల ట్యాబ్, స్మార్ట్ వాచ్ కూడా మర్చిపోవద్దు, తల్లి ఫోన్ అంతా క్లీన్ చేసినా పిల్లాడు గేమ్‌లో నాన్నతో చాట్ చేస్తుంటాడు. కొత్త ఫోన్ లేదా మీ ఆఫీసు కంప్యూటర్ నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ చేయించి, ఇంట్లోవాళ్ళ ఫోన్లన్నీ కలిపి ఉంచే ఫ్యామిలీ షేరింగ్‌లోంచి తీయించండి. జాయింట్ కార్డు వాడితే ఏ షాపులో వాడిందో వాడికి మెసేజ్ వెళ్తుంది. పాత ఫోన్ రీసెట్ చేసేముందు అందులో బెదిరింపు మెసేజ్‌లు, వాయిస్ నోట్‌లు ఉంటే కాపీ తీసి పెట్టుకోండి, రేపు కోర్టులో అవే దిక్కు. అంతేగానీ ఫోన్‌లు లాక్కుని ఆఫీసు బీరువాలో పెట్టే పని మాత్రం చెయ్యొద్దు. ఎలా సేఫ్‌గా వాడాలో నేర్పండి.

స్కూల్ కూడా ఇలాంటిదే. పిల్లల్ని కొత్త స్కూల్లో వేస్తే ఆ స్కూల్ పాత స్కూల్‌కి రికార్డుల కోసం రాస్తుంది, పాత స్కూల్లో తండ్రి అడిగితే వాళ్ళు అమాయకంగా చెప్పేస్తారు. ముందే హెడ్‌మాస్టర్‌తో మాట్లాడి రికార్డులు మీ ఆఫీసు ద్వారా తెప్పించుకోండి.

రూల్స్ ఎన్ని పెట్టాలి

ఎన్ని తక్కువైతే అంత మంచిది. ఇంట్లో ఎవర్నీ కొట్టకూడదు, పిల్లల్ని కూడా. అడ్రస్ ఎవరికీ చెప్పకూడదు. ఇక్కడున్నవాళ్ళ సంగతి బయట మాట్లాడకూడదు. ఆయుధాలు వద్దు. నాకు తెలిసి ఇంతకుమించి పెద్దగా అక్కర్లేదు. లైట్లు తొమ్మిదింటికి ఆపాలి, పొద్దున్నే ఆరింటికి లేవాలి, కౌన్సెలింగ్‌కి రాకపోతే గది ఖాళీ చెయ్యాలి, ఇవన్నీ ఎవరి సౌకర్యం కోసమో ఆలోచించండి. అమెరికాలో ఈ షెల్టర్లకి కేంద్ర నిధులిచ్చే చట్టంలోనే ఉంది, సర్వీసులు తీసుకోవడం ఆవిడ ఇష్టం, తీసుకుంటేనే ఉండనిస్తాం అని షరతు పెట్టకూడదు అని. ఆవిడ మొగుడితో ఫోన్‌లో మాట్లాడిందని తెలిసినా గెంటెయ్యకూడదు, ఏం మాట్లాడాడో, అడ్రస్ బయటపడిందేమో చూసుకుని ప్లాన్ మార్చుకోవాలి.

నిజమైన గొడవలన్నీ వంటగదిలో వస్తాయి. ఎవరి పాలు ఎవరు తాగారు, గిన్నెలు ఎవరు కడగలేదు, ఫలానావిడ పిల్లాడు మా పిల్లని కొరికాడు. ఫ్రిజ్‌లో ప్రతి కుటుంబానికి ఓ అర, పేరు రాసిన డబ్బాలు, వారానికోసారి అందరూ కూర్చుని మాట్లాడుకునే మీటింగ్, అందులో స్టాఫ్ తక్కువ మాట్లాడాలి. వండుకునే వీలుంటే ఎవరిది వాళ్ళని వండుకోనివ్వండి, తన పిల్లలకి తనే వండిపెట్టుకున్న రోజు మనిషి మొహం మారిపోతుంది. పనుల పట్టిక వాళ్ళే రాసుకుంటే పాటిస్తారు, మీరు రాసి గోడకి అంటిస్తే ఎవరూ చూడరు. పిల్లలకి విడిగా ఒక మనిషి ఉండాలి, చాలామంది దీన్ని లగ్జరీ అనుకుంటారు కానీ తల్లి లాయర్‌తో మాట్లాడుతుంటే పిల్లాడు పక్కన కూర్చుని అంతా వినడం కన్నా ఘోరం లేదు.

లోపలే ఎవరైనా తప్పు చేస్తే

జరగదు అనుకోకండి. షెల్టర్ అంటేనే వెళ్ళడానికి ఇంకో చోటు లేని ఆడవాళ్ళు, వాళ్ళ మీద అధికారమున్న స్టాఫ్, బయటివాళ్ళకి తెలియని అడ్రస్. చెడ్డవాడికి ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. ఉద్యోగంలోకి తీసుకునేముందు పాత ఉద్యోగం దగ్గర ఫోన్ చేసి కనుక్కోండి, సర్టిఫికెట్లతో సరిపెట్టకండి. స్టాఫ్ ఎవరూ అక్కడుండేవాళ్ళతో అప్పులు, బేరాలు, సంబంధాలు పెట్టుకోకూడదని రాతలో సంతకం తీసుకోండి. కంప్లెయింట్ బాక్స్ తాళం మేనేజర్ దగ్గరే ఉంటే ఆ బాక్స్ దండగ. సంస్థతో సంబంధం లేని ఒక బయటి మనిషి నంబర్ ప్రతి గదిలోనూ ఉండాలి, ఆ మనిషి అప్పుడప్పుడూ చెప్పకుండా వచ్చి స్టాఫ్ లేకుండా మాట్లాడాలి.

స్టాఫ్‌ని కూడా చూసుకోండి మరి. రోజూ ఇవే వినీ వినీ నిద్రపట్టనివాళ్ళు, ఇంటికెళ్ళి పిల్లల మీద అరిచేవాళ్ళు, చివరికి "ఈవిడ కూడా తక్కువదేం కాదులే" అనే స్థితికొచ్చేవాళ్ళు ఉంటారు. ఆ మాట వినపడిందంటే ఆ మనిషికి రెస్ట్ కావాలన్నమాట. వారానికోసారైనా సీనియర్‌తో కూర్చుని కేసుల గురించి మాట్లాడుకునే టైమ్ డ్యూటీలో భాగంగానే పెట్టండి, ఖాళీ ఉంటే చూద్దాం అంటే ఎప్పటికీ ఖాళీ ఉండదు.

వెళ్ళడం

ఎప్పుడు వెళ్ళాలో మొదటివారంలోనే మాట్లాడటం మొదలెట్టండి, తరిమేస్తున్నట్టు కాకుండా, ఏం కావాలో అడుగుతూ. గుర్తింపు కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు, ఆవిడ ఒక్కదాని పేరు మీద బ్యాంకు అకౌంట్, కోర్టు రక్షణ ఉత్తర్వు, ఏదైనా పని, అద్దె ఇల్లు. ఇందులో అన్నిటికన్నా ఆలస్యమయ్యేది ఇల్లే, అందుకే అడ్వాన్స్ డబ్బుకి చిన్న ఫండ్ విడిగా పెట్టుకోండి. మూడు నెలలే అని గీత గీసిన షెల్టర్లు చివరికి ఆవిణ్ణి వాడి దగ్గరికే పంపినట్టవుతుంది.

కొందరు తిరిగి వాడి దగ్గరికే వెళ్తారు. తిట్టకండి, "మేం ఇంత చేస్తే" అని మొహం మాడ్చుకోకండి. మళ్ళీ రావాల్సొస్తే ఏ నంబర్‌కి చెయ్యాలో గుర్తుండేలా చెప్పండి, ముఖ్యమైన కాగితాల కాపీలు మీ దగ్గర ఉంచుకుంటామనండి, మళ్ళీ వస్తే ఎందుకెళ్ళావని అడగకుండా గది ఇవ్వండి.

ఫైల్‌లో ఎంత తక్కువ రాస్తే అంత మంచిది, రేపు వాడి లాయర్ కోర్టు ద్వారా ఆ ఫైల్ తెప్పించుకుంటే అందులో "తల్లి కోపిష్టి" అని మీ కౌన్సిలర్ రాసిన లైను పట్టుకుని పిల్లల్ని తండ్రికే ఇవ్వమని అడుగుతాడు. చూసింది, విన్నది రాయండి, అభిప్రాయాలు రాయొద్దు, ఎన్నాళ్ళకి చింపెయ్యాలో ముందే నిర్ణయించుకోండి. వెళ్ళినవాళ్ళకి ఫాలోఅప్ ఫోన్ చేస్తే ఏ టైమ్‌కి చెయ్యాలి, ఎవరమని చెప్పాలి అనేది వెళ్ళేరోజే ఆవిణ్ణే అడిగి రాసుకోండి. వేరేవాళ్ళు ఎత్తితే చీటీపాట గురించో టైలరింగ్ క్లాస్ గురించో అడిగి పెట్టేసి, రెండు రోజులాగి మళ్ళీ ఆవిడ చెప్పిన టైమ్‌కే చెయ్యండి.